ముఖచర్మమునకు ఆమ్లచికిత్స: ఒక చరిత్ర

మానవశరీరములో ముఖమునకున్న గౌరవము మఱి ఏ అవయవమునకును లేదు. కాలిమీది మచ్చను పంచె కప్పును. వీపుమీది మచ్చను చొక్కా కప్పును. ముఖముమీది మచ్చకు మఱుగు లేదు. వైద్యుని లెక్కలో మొటిమ చిన్న వ్యాధి. మంగుమచ్చ ప్రాణము తీయునది కాదు. కాని పద్దెనిమిదేండ్ల యువతియో యువకుడో అద్దము ముందు నిలిచినపుడు ఆ లెక్క వేఱుగా నుండును. నలుగురిలోనికి పోవుటకు సంకోచము, ఛాయాచిత్రమన్న భయము, పెండ్లిచూపులనాడు తల్లిదండ్రుల దిగులు, ఇవి యన్నియు ఆ చిన్న వ్యాధి వెంట వచ్చు పెద్ద బాధలు.

ఆరోగ్య విషయములపై మేము ప్రసారము చేయు ప్రసంగములు విన్నవారు అడుగు ప్రశ్నలలో ఒకటి తఱచుగా కనబడుచుండును. "ముఖమునకు యాసిడ్ పూసి పొర తీసివేయు చికిత్స కలదట, అది మంచిదా, ప్రమాదమా?" అని. దీనికి ఒక్కమాటలో బదులు చెప్పుట సులభము కాదు. ఎవరు పూసిరి, ఏది పూసిరి, ఎంత పూసిరి, ఎవరి చర్మముపై పూసిరి అను నాలుగు విషయములను బట్టి అదే పదార్థము ఔషధమగును, అదే విషమగును. ఈ నాలుగు విషయములను నేర్చుకొనుటకు లోకమునకు కొన్ని వేల యేండ్లు పట్టినది. ఆ కథను ఇక్కడ క్లుప్తముగా చెప్పదలచితిమి.

ముందుగా చికిత్స స్వరూపమును తెలిసికొందము. మన చర్మము ఒకే వస్త్రము కాదు. మడతలు పెట్టిన వస్త్రము వంటిది. పైనున్నది బాహ్యచర్మము. ఇది కాగితమంత పలుచన. దీని అడుగువరుసలో పుట్టిన కణములు మెల్లమెల్లగా పైకి జరుగుచు, సుమారు నాలుగు వారములలో పై అంచునకు చేరి, ఎండి, మన కంటికి తెలియకుండనే రాలిపోవుచుండును. ఆ అడుగువరుసలోనే చర్మమునకు రంగునిచ్చు కణములును ఉండును. దాని క్రింద అంతశ్చర్మము. రక్తనాళములు, నరములు, చర్మమునకు బిగువునిచ్చు నారపదార్థము అచ్చట ఉన్నవి. ఆమ్లచికిత్స యనగా, కొలిచి కలిపిన రసాయనముతో పైపొరలను కావలసినంత లోతువఱకు గాయపఱచి, అవి ఊడిపోగా క్రిందినుండి క్రొత్త చర్మము వచ్చునట్లు చేయుట. గాయము బాహ్యచర్మములోనే ఆగినచో కొలది దినములలో మానును. అంతశ్చర్మపు పైభాగమును తాకినచో వారము పదిదినములు పట్టును. ఇంకను లోతునకు పోయినచో రెండు వారములును, ఎఱుపు తగ్గుటకు నెలలును పట్టును, మచ్చయు మిగులవచ్చును. కాబట్టి ఈ చికిత్సలోని విద్య యంతయు లోతును అదుపులో నుంచుటయే.

ఈ విద్యకు తొలి అడుగులు ఈజిప్టుదేశములో కనబడుచున్నవి. జర్మను పండితుడు గేయోర్గ్ ఎబర్స్ 1873 ప్రాంతమున సంపాదించి, 1875లో ప్రకటించిన వైద్యగ్రంథమొకటి కలదు. పాపిరస్ చుట్టపై వ్రాసిన ఆ గ్రంథము పొడవు సుమారు 20 మీటర్లు, కాలము క్రీ. పూ. 1550 ప్రాంతము. శరీరమునకు అందము తెచ్చు యోగములలో తెల్లని చలువఱాతి పొడి, సౌడు, ఉప్పు, తేనె కలిపి నూఱి రుద్దవలెనని అందు చెప్పబడినది. పొడి గీకును, సౌడు మెత్తపఱచును, తేనె అంటించి యుంచును. రోమునగరపు చక్రవర్తి నీరో భార్య పొప్పేయా స్నానమునకు పాలకొఱకు 500 ఆడుగాడిదలను వెంట నడిపించుకొని పోయెడిదని ప్లీనీ వ్రాసెను. పాలు పులిసినపుడు పుట్టు ఆమ్లము మృతకణముల బంధమును సడలించునని నేడు మనకు తెలియును, ఆమెకు తెలియదు. ఫలితమును చూచి చేసిరి, కారణము ఎఱుగరు.

అట్లే మన ఇండ్లలోను. పండుగనాడు సున్నిపిండితో నలుగు పెట్టుట, పెరుగులో శనగపిండి కలిపి ముఖమునకు పూయుట తెలుగింటి అలవాట్లు. పెరుగులోని లాక్టిక్ ఆమ్లము, చింతపండులోని టార్టారిక్ ఆమ్లము, నిమ్మపండులోని సిట్రిక్ ఆమ్లము, చెఱకురసములోని గ్లైకోలిక్ ఆమ్లము, ఇవి యన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. ఇంతమాత్రమున వంటయింటి సరుకంతయు ముఖమునకు మంచిదని తలపరాదు. నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో, ఆ రసములోని కొన్ని పదార్థములు సూర్యకాంతితో కలిసి చర్మమును పొక్కించి నల్లని మచ్చలు తెచ్చును. మచ్చ పోవలెనని పూసినది మచ్చనే తెచ్చుట ఈ చరిత్రలో పదేపదే కనబడు సంగతి.

అయితే కారణము నెఱిగి, కొలత నెఱిగి, చర్మమును దహింపజేసి చికిత్స చేయుటను శాస్త్రముగా వ్రాసినవారిలో మన సుశ్రుతుడు అగ్రగణ్యుడు. సుశ్రుతసంహిత సూత్రస్థానములో 11వ అధ్యాయము క్షారపాకవిధి. క్షారమనగా ఆమ్లము కాదు; దానికి ఎదురైనది. మోదుగ మొదలగు చెట్లను కాల్చిన బూడిదను నీటిలో కలిపి, పలుమాఱులు వడగట్టి, కాచి, అందు కాల్చిన సున్నపుఱాయి, శంఖము మొదలగువాని పొడి చేర్చి చేయుదురు. బూడిదనీటికి సున్నము చేరినచో దాహకశక్తి ఎన్నో రెట్లగునని నేటి రసాయనశాస్త్రమును ఒప్పుకొనుచున్నది. 1902లో తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రను ప్రకటించిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఈ విధానమును ప్రత్యేకముగా మెచ్చుకొనెను.

సుశ్రుతుడు క్షారమును మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని మూడు తెగలుగా విభజించెను. నేటి వైద్యులు పైపై చికిత్స, మధ్యమచికిత్స, లోతుచికిత్స అని విభజించుట దీనిని తలపించును. పైపూతగా వాడు క్షారమునకు తగిన వ్యాధుల పట్టికలో తామర, పులిపిరులు, పుట్టుమచ్చలతో పాటు వ్యంగము కూడ చేర్చెను. వ్యంగమనగా మనము మంగు అని పిలుచునదే. పూసిన పిమ్మట నూఱు మాత్రలు ఉచ్చరించునంత కాలము వేచియుండవలెననెను. చోటు నల్లబడుట దహనము సరిగా జరిగినదనుటకు గుర్తనెను. ఆపై పుల్లని ద్రవములతో దానిని శమింపజేయవలెననెను. మన పల్లెలలో తరవాణి యని పిలుచు పులిసిన గంజివంటిది ఇట్టి ద్రవమే. క్షారమును ఆమ్లము అణచును. నేటి వైద్యశాలలో గ్లైకోలిక్ ఆమ్లము పూసి, గడియారము చూచుకొని, కొన్ని నిమిషములకు సోడాద్రవముతో అణచుచున్నారు. అచ్చట క్షారమును ఆమ్లముతో, ఇచ్చట ఆమ్లమును క్షారముతో, సూత్రమొకటే. అన్నిటికంటె ముఖ్యమైన మాట ఆ అధ్యాయము చివర నున్నది. తెలివిచాలని వాని చేతిలో క్షారము విషము, అగ్ని, శస్త్రము, పిడుగు వంటిదనియు, తెలిసినవాని చేతిలో ఘోరవ్యాధులను శీఘ్రముగా పోగొట్టుననియు ఆయన హెచ్చరించెను.

ఆ హెచ్చరిక లోకమంతటికిని చేరలేదు. ఐరోపాలో 16వ శతాబ్దినుండి ధనికస్త్రీలు ముఖమునకు సీసపు తెల్లపొడి పూయుట ఆచారమయ్యెను. మచ్చలను కప్పుటకు పూసిన ఆ పొడి చర్మమును చెఱచెడిది; చెడిన చర్మమును కప్పుటకు ఇంకను దట్టముగా పూసెడివారు. ఇంగ్లండులో అందమునకు పేరుపడ్డ కోవెంట్రీ ప్రభుపత్ని మరియా గన్నింగ్ 1760లో చిన్నవయస్సుననే మరణించినది. ఆ మరణమునకు ఇట్టి పూతలే కారణమని నాటివారు చెప్పుకొనిరి. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదను మన సామెత ఏ దేశమునకైనను చెల్లును.

రసాయనశాస్త్రము ఎదిగినకొలది ఈ గ్రుడ్డి ప్రయోగములకు కన్నులు వచ్చినవి. స్వీడనుదేశములో కార్ల్ విల్హెల్మ్ షీలే అను మందులవర్తకుడుండెను. చిన్న దుకాణములో పనిచేయుచునే ఆయన 1780లో పులిసిన పాలనుండి లాక్టిక్ ఆమ్లమును, 1784లో నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లమును, 1785లో ఆపిలుపండ్లనుండి మాలిక్ ఆమ్లమును వేఱుచేసెను. పొప్పేయా పాలలో తెలియక వాడుకొనినది ఆనాటికి పేరును, రూపమును పొందినది. 1834లో జర్మను రసాయనవేత్త రుంగె బొగ్గుతారునుండి ఫినాల్‌ను తీసెను. కార్బాలిక్ సబ్బు వాసన ఎఱిగినవారు దీనిని ఎఱుగుదురు. 1838లో ఇటలీవాడగు పిరియా సాలిసిలిక్ ఆమ్లమును చేసెను. 1839లో ఫ్రాన్సులో డ్యూమా వినిగరులోని ఆమ్లమును క్లోరిన్‌తో ఎండలో కలిపి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమును సాధించెను. 1860 ప్రాంతమున కోల్బె సాలిసిలిక్ ఆమ్లమును ఫినాల్‌నుండి చేయు మార్గమును కనిపెట్టగా, 1874లో డ్రెస్డెన్ నగరము చెంత దానికి కర్మాగారమే వెలసెను. వీరిలో నొకడును ముఖసౌందర్యమును గూర్చి తలచినవాడు కాడు. అయినను నేటి చర్మవైద్యుని బల్లపైనున్న సీసాలలో చాలభాగము వీరు నింపినవే.

వీనిని చర్మమునకు తెచ్చినవారు వియన్నా, హాంబర్గు వైద్యులు. వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా చర్మవ్యాధిశాస్త్రమునకు పునాది వేసిన మహానుభావుడు. 1874 నాటికి ఆయన మంగుమచ్చలకును, చుక్కమచ్చలకును దాహకద్రవ్యములను పూసి పొర ఊడ్చు చికిత్స చేయుచుండెను. ఆయన సంప్రదాయములో చదివిన పాల్ గెర్సన్ ఉన్నా హాంబర్గులో వైద్యుడై, 1882లో సాలిసిలిక్ ఆమ్లము, రిసార్సినాల్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లము అను నాలుగింటికి చర్మముపై గల గుణములను వివరించెను. నూటనలువది యేండ్లు దాటినను ఆ పట్టిక చెల్లుబాటులోనే యున్నది.

అమెరికాలో న్యూయార్కు ఆచార్యుడు జార్జి మెకీ మొటిమల గుంటలకు ఫినాల్ వాడుటను 1903లో ప్రారంభించెను. కాని తన అనుభవమును పత్రికలో ప్రకటించినది 1952లో. నడుమ దాదాపు అర్ధశతాబ్ది గడచినది. శాస్త్రజ్ఞుడు జాగ్రత్తపడి మాటాడకుండిన ఆ కాలములో, శాస్త్రము చదువనివారు జాగ్రత్త లేకుండ పనిచేసిరి. మొదటి ప్రపంచయుద్ధములో మందుగుండు పేలి ముఖములు చెడిన సైనికులకు ఫ్రాన్సులో లా గాసే అను వైద్యుడు ఫినాల్ పూతతో చికిత్స చేసెననియు, ఆయన కుమార్తె ఆ రహస్యమును అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమునకు తీసికొనిపోయెననియు ఈ వృత్తిచరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. చలనచిత్రముల నగరమది. ముడుతలు కనబడినచో జీవనమే పోవునని భయపడు తారలకు కొదువలేదు. అచ్చటను, ఫ్లారిడాలోను వైద్యపట్టా లేని సౌందర్యకారులు ఇండ్లలో ఈ పని చేసి విశేషముగా ధనము గడించిరి. యోగమును గుట్టుగా దాచి, శిష్యులకో వారసులకో మాత్రమే చెప్పెడివారు. ఫలితము బాగున్నచో పేరు వారిది. ముఖము కాలినచో, హృదయము ఆగినచో, భారము వైద్యశాలది.

ఆ గుట్టును బయటపెట్టినది మయామీ నగరపు శస్త్రవైద్యుడు థామస్ బేకర్. సౌందర్యకారులు సాధించిన ఫలితములను చూచి ఆశ్చర్యపడి, ఆయన 1961, 1962 సంవత్సరములలో ఫినాల్ యోగమును వైద్యపత్రికలలో ప్రకటించెను. అది పిమ్మట బేకర్-గోర్డన్ యోగమని ప్రసిద్ధిచెందెను. ఫినాల్, నీరు, ద్రవసబ్బు ఇందులో ప్రధానముగా కనబడును. వానితోపాటు మూడంటే మూడు చుక్కల క్రోటన్ నూనెయు కలదు. క్రోటన్ అనగా మన ఆయుర్వేదవైద్యులు జయపాలమనియు, నేపాళమనియు చెప్పు గింజలు. తీవ్రమైన విరేచనకారిగా మన దేశమున వీనికి ఎప్పటినుండియో పేరున్నది. చర్మముపై పడినచో పొక్కించు గుణమును కలదు.

ఇచ్చట ఈ చరిత్రలోని విచిత్రమైన ఘట్టము వచ్చుచున్నది. పని చేయునది ఫినాల్ అనియు, నూనె నామమాత్రమనియు వైద్యులు తలచిరి. గాఢమైన ఫినాల్ పైపొరను గడ్డకట్టించి తన దారిని తానే మూసికొనును గనుక, నీరు కలిపినపుడే అది లోతునకు దిగునని బోధించిరి. ఈ బోధ నలువది యేండ్లు పాఠ్యగ్రంథములలో నిలిచినది. 2000 సంవత్సరములో గ్రెగరీ హెటర్ అను శస్త్రవైద్యుడు నాలుగు వ్యాసములు వరుసగా ప్రకటించి, నూనె పాలును మార్చి మార్చి పరీక్షించి, లోతును ముఖ్యముగా నిర్ణయించునది ఆ నేపాళపు నూనెయే యని చూపెను. ఎవరును లెక్కచేయని ఆ మూడు చుక్కలలోనే బలమంతయు ఉండినది. అంతవఱకు ఎందఱి ముఖములపైనో వైద్యులు బలమేదియో తెలియకయే బలమును ప్రయోగించిరన్నమాట. గుట్టుగా పుట్టిన యోగమును పరీక్షింపక స్వీకరించుటవలన వచ్చిన ఫలమిది. శాస్త్రములో ప్రకటన ఎంత ముఖ్యమో, ప్రకటించినదానిని మరల కొలుచుటయు అంతే ముఖ్యము.

ఫినాల్ విషయములో మఱియొక సత్యము 1970లలో స్పష్టపడినది. పూసిన ఫినాల్ చర్మముమీదనే నిలువదు, రక్తములోనికి ఇంకును. ఒక్కమాఱే ముఖమంతయు పూసినచో గుండె లయ తప్పవచ్చును. కాబట్టి నుదురు, చెంపలు, ముక్కు, గడ్డము అని ముఖమును భాగములు చేసి, భాగమునకు భాగమునకు నడుమ వ్యవధి నిచ్చి, గుండె కదలికను యంత్రముపై చూచుచు, నరముద్వారా ద్రవము నెక్కించుచు చేయవలెనని నియమము వచ్చినది. ఇది శస్త్రచికిత్సతో సమానమైన కార్యము. ముఖము కడుగుకొనుటవంటి పని కాదు.

లోతుచికిత్స ఇట్లు నడచుచుండగా, సుతారమైన మార్గములును ఏర్పడినవి. మాక్స్ యెస్నర్ జర్మనీలోని బ్రెస్లావు విశ్వవిద్యాలయమున చర్మవ్యాధుల ఆచార్యుడు. యూదుడైనందున నాజీల పాలనలో ఆ పదవిని కోల్పోయి, స్విట్జర్లాండునకును, పిమ్మట అమెరికాకును చేరెను. సాలిసిలిక్ ఆమ్లము, లాక్టిక్ ఆమ్లము, రిసార్సినాల్ మూడును కొంచెము కొంచెముగా సారాయములో కలిపినచో, దేని విషగుణమును హెచ్చుకాకుండ మూడింటి మేలును పొందవచ్చునను తలంపుతో ఏర్పడిన ద్రావణము ఆయన పేరుతో నేటికిని చెల్లుచున్నది. 1974లో యూజీన్ వాన్‌స్కాట్, రుయి యూ అను ఇరువురు, చేపపొలుసువలె చర్మము గట్టిపడు పుట్టువ్యాధికి పండ్ల ఆమ్లములు మంచి మందని చూపిరి. అందు గ్లైకోలిక్ ఆమ్లము మిక్కిలి చిన్న అణువు గలది. సులభముగా లోనికి పోవును. వ్యాధికొఱకు వెదకిన ఆ మందు 1990లలో సౌందర్యశాలలకు చేరి, మధ్యాహ్నభోజనపు విరామములో చేయించుకొని పోవు చికిత్సగా ప్రచారమునకెక్కినది.

ఇంతవఱకు చెప్పిన కథ హెచ్చుగా తెల్లనివారి చర్మమునకు సంబంధించినది. మనకు కావలసిన సంగతి ఇచ్చటనే మొదలగుచున్నది. అమెరికా వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో, ఎండకు చర్మము ఎట్లు స్పందించునో దానిని బట్టి తెల్లనివారి చర్మమును తరగతులుగా విభజించెను. గోధుమరంగు, నల్లరంగు చర్మములకు 5వ, 6వ తరగతులు పిమ్మట చేరినవి. మన దేశీయులలో పెక్కుమంది 4, 5 తరగతులవారు. ఈ చర్మమునకు ఎండను తట్టుకొను బలము హెచ్చు. ముడుతలు ఆలస్యముగా వచ్చును. కాని గాయమైనచో రంగుకణములు రేగి, మానినచోట నల్లని మచ్చ నిలిచిపోవును. దోమ కుట్టినచోట, మొటిమ చిదిపినచోట నెలల తరబడి నల్లమచ్చ ఉండుట మనమందఱము చూచినదే. ఆమ్లము చేయునది గాయమే గదా. లోతు కొంచెము మీఱినను, తెల్లవానికి పదిదినములలో పోవు ఎఱుపు మనకు ఏడాది వీడని నలుపు కావచ్చును. లోతుచికిత్స చేసినచో రంగుకణములే నశించి తెల్లమచ్చయు మిగులవచ్చును.

కాబట్టి నల్లని, చామనచాయ చర్మములవారిపై ఈ చికిత్సను వేఱుగా పరీక్షింపవలసి వచ్చినది. సాలిసిలిక్ ఆమ్లము నూనెలో కరగు స్వభావము గలది గనుక జిడ్డుగల చర్మరంధ్రములలోనికి చొచ్చి మొటిమలపై చక్కగా పనిచేయును. ఆల్బర్ట్ క్లిగ్మన్, డగ్లస్ క్లిగ్మన్‌లు 1998లో దీనిని పొరతీయు మందుగా వర్ణించిరి. ఆల్బర్ట్ క్లిగ్మన్ పేరు చెప్పినపుడు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ కారాగారమును మఱువరాదు. 1951 మొదలు 1974 వఱకు అచ్చటి ఖైదీల చర్మముపై, వారిలో పెక్కుమంది నల్లవారిపై, జరిగిన ప్రయోగములు వైద్యచరిత్రకే కళంకము. నల్లని చర్మమును ప్రయోగశాలగా వాడిన దేశములోనే, నల్లని చర్మమునకు ఏది క్షేమమను ప్రశ్నకు సమాధానము ఆలస్యముగా వచ్చినది. 1999లో పెర్ల్ గ్రైమ్స్ అను నల్లజాతి వైద్యురాలు 5, 6 తరగతుల చర్మము గలవారికి 20, 30 శాతముల సాలిసిలిక్ ఆమ్లముతో మొటిమలు, మంగు, నల్లమచ్చలు తగ్గునని, తగిన ముందుజాగ్రత్తతో ప్రమాదము స్వల్పమని చూపెను. 2002లో కొరియా వైద్యులు మఱియొక ఉపాయము చెప్పిరి. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమును ముఖమంతయు పూయక, మొటిమలు మిగిల్చిన గుంటలలో మాత్రమే, మొన తేలిన పుల్లతో అద్దుట. గుంట అడుగున నార పెరిగి, అది క్రమముగా పూడును. చుట్టునున్న చర్మము చెక్కుచెదరదు.

మన దేశమున చర్మవ్యాధి వైద్యుల అఖిలభారత సంఘము 2008లో ఈ చికిత్సకు నియమావళిని ప్రకటించెను. పైపై చికిత్సయు, జాగ్రత్తతో మధ్యమచికిత్సయు మన చర్మమునకు తగుననియు, ముఖమంతటికిని చేయు లోతుచికిత్స తగదనియు దాని సారాంశము. శిక్షణ పొందిన వైద్యుడు అనుసరించు క్రమమును ఇంటివారు తెలిసియుండుట మేలు. మొదట రోగిని ప్రశ్నించును: ఏ మందులు వాడితిరి, పెదవిమీద నీటిపొక్కులు ఎపుడైన లేచినవా, గాయము మానినచోట ఉబ్బుమచ్చ వచ్చు స్వభావము కలదా, గర్భిణియా అని. పిమ్మట రెండు నాలుగు వారములు రాత్రిపూట లేపనములతో చర్మమును సిద్ధపఱచును. చెవి వెనుక ఒక చుక్క వేసి పరీక్షించును. తక్కువ శాతముతో మొదలిడి, వారముల వ్యవధినిచ్చి, మెట్టుమెట్టుగా పెంచును. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమైనచో ముఖముపై మంచు పట్టినట్లు తెల్లదనము తేలును. ఆ తెల్లదనపు చిక్కదనమును చూచి లోతును గ్రహించును. ఇంటికి పోయిన పిమ్మట పొరను గిల్లరాదు, ఎండను తప్పించుకొనవలెను, ఎండనుండి కాపాడు లేపనమును విడువరాదు. మన ఎండలలో ఈ చివరి నియమమును పాటింపనివారు చికిత్స చేయించుకొనకుండుటయే మంచిది.

ఈ క్రమమంతయు ఎఱుగనివారే నేడును ఈ ద్రవములను అమ్ముచున్నారు, పూయుచున్నారు. ఒకనాడు గుట్టుగా నుండిన యోగములు నేడు సీసాలలో తపాలామూలముగా గుమ్మము ముందుకే వచ్చుచున్నవి. గుట్టు పోయినది గాని కొలత రాలేదు. 2024 జూలైలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలనశాఖ, వైద్యుని పర్యవేక్షణ లేకుండ గాఢమైన ఆమ్లములను కొని ఇంట పూసికొనవలదనియు, కాలిన గాయములు, అంటువ్యాధులు, రంగుమార్పులు, శాశ్వతమైన మచ్చలు కలుగుననియు ప్రజలను హెచ్చరించెను. ఆ దేశములోనే ఇట్టి హెచ్చరిక అవసరమైనపుడు, గల్లీ మూలనున్న అలంకారశాలలో పేరు తెలియని సీసానుండి పూయించుకొను మన యువజనుల మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

చివరగా ఒక్క మాట. మొటిమ వ్యాధి, మంగు వ్యాధి, గుంటమచ్చ గాయము మిగిల్చిన గుర్తు. వీనికి చికిత్స కోరుట న్యాయము. సుశ్రుతుడు మొటిమలను యువకుల ముఖమును చెఱచునవిగా పేర్కొని, బూరుగుముళ్ళతో పోల్చెను. అనగా ఈ బాధ నేటిది కాదు, కొందఱు పెద్దలు తలచునట్లు క్రొత్త వేషములవలన వచ్చినదియు కాదు. బిడ్డ ముఖము చూచుకొని కుమిలిపోవుచున్నపుడు, వయసు పోయినచో అదియే పోవునని తీసివేయుట తగదు. ఆలస్యమైనకొలది గుంటలు లోతగును. కాని చామనచాయ వ్యాధి కాదు. పుట్టుకతో వచ్చిన రంగును ఏ ఆమ్లమును మార్చలేదు. మార్చెదనని చెప్పువాడు అమ్ముచున్నది చికిత్స కాదు. తెల్లబడుటకని కూతురిని పంపు తల్లియు, మచ్చకు మందిప్పించుటకని పంపు తల్లియు ఒకే గుమ్మమునకు పంపవచ్చును. ఇద్దఱు అడుగునది ఒకటి కాదు. మచ్చను తగ్గించు మందు కలదు. రంగును మార్చు మందు లేదు. ఈ భేదము తెలిసిన ఇంట, చర్మవైద్యుని పట్టాను చూచి గాని ముఖమును అప్పగింపని ఇంట, ఈ ప్రాచీన విద్య మేలే చేయును.